సుద్ద నేలలో సుత్తి దెబ్బల లెక్క: పునాదికి ఎంతవరకు ఆధారం?

ఇంగ్లండ్ దక్షిణ తీరాన బ్రైటన్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా, కెంట్ కౌంటీలో మార్గేట్, రామ్స్‌గేట్ పట్టణాల అడుగున, ఇంగ్లిష్ ఛానెల్ దాటితే నార్మండీ ఒడ్డున చాలావరకు తెల్ల సుద్ద నేలే. ఇక్కడ ఏ కట్టడం తలపెట్టినా ముందు బోరు వేస్తారు. బోరు అడుగున ఒక గొట్టాన్ని నిలిపి, 63.5 కిలోల సుత్తిని 760 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి దానిమీద పదేపదే వదులుతారు. మొదటి 150 మిల్లీమీటర్లు గొట్టం కుదురుకోవడానికి వదిలేసి, తర్వాతి 300 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. అదే ఎన్ విలువ. పరీక్ష పేరు స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. సైటులో అందరూ ఎస్‌పీటీ అంటారు. చవకైన పరీక్ష, ఎక్కడైనా చేయొచ్చు, ఫలితం ఒక్క అంకెలో చేతికొస్తుంది. సుద్దలో ఆ అంకె ఏం చెబుతోందన్న దానిపై మాత్రం యాభై ఏళ్లకు పైగా వాదన సాగుతోంది. ఆ అంకెను సుద్దలో నమ్మకూడదని ఒక వర్గం అంటుంది. పైల్, అంటే నేలలోకి లోతుగా దిగే పునాది స్తంభం, డిజైన్ చేసేవాళ్లలో చాలామంది ఇవాళ్టికీ అదే అంకెను సూత్రంలో పెట్టి లెక్క కడుతున్నారు. సముద్రంలో గాలిమరలు నిలబెట్టే ఇంజనీర్లు సుత్తిని పక్కనపెట్టి కోన్‌ను నమ్ముకున్నారు. ఫ్రాన్స్‌లో అసలు దారే వేరు.

ఈ చిక్కుముడి ఇన్నాళ్లు విడిపోకపోవడానికి ప్రశ్న వేసిన తీరే కారణమని నా అభిప్రాయం. ‘సుద్దలో చొరబాటు పరీక్ష పనికొస్తుందా, రాదా?’ అని అడిగితే రెండు పక్షాలకూ సాక్ష్యం దొరుకుతుంది. ‘ఏ పునాదికి?’ అని కలిపి అడిగితే ఆ సాక్ష్యాలు చాలావరకు ఒకదానితో ఒకటి పొసుగుతాయి. నేలను చీల్చుకుంటూ దిగే పునాది ప్రవర్తనను, నేలను చీల్చుకుంటూ దిగే పరీక్ష కొంతవరకు ముందే చెప్పగలదు. నేలను కదపకుండా దానిమీద నిదానంగా కూర్చునే పునాది గురించి ఆ పరీక్షకు తెలిసింది చాలా తక్కువ. ఈ వాదనకు ఆధారాలేమిటి, దీనికి వచ్చే అభ్యంతరాలేమిటి, ఇంకా తేలనిదేమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

దెబ్బ తగలని సుద్ద, దెబ్బ తిన్న సుద్ద

సుమారు 10 కోట్ల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల కిందట, వెచ్చని సముద్రాల అడుగున కంటికి కనిపించని నాచుజీవుల సున్నపు పెంకులు పేరుకుని సుద్ద అయ్యింది. దాని ఘనపరిమాణంలో సాధారణంగా మూడో వంతు నుంచి సగానికి కాస్త తక్కువ దాకా ఖాళీ రంధ్రాలే. ఆ రంధ్రాలు ఎంత సన్ననివంటే, భూగర్భ నీటిమట్టానికి పైన ఉన్న సుద్ద కూడా నీటిని పట్టుకుని దాదాపు నిండుగానే ఉంటుంది. రేణువుల మధ్య బంధం పలచన. అయినా బంధం చెడనంతకాలం సుద్ద రాయిలా గట్టిగా నిలబడుతుంది. సెవెన్ సిస్టర్స్ కొండచరియలు నిటారుగా నిలబడింది ఈ బలంతోనే. బంధం చెడితే అదే సుద్ద తనలోని నీటితోనే ముద్దయిపోతుంది. తడి సుద్దమీద బరువైన యంత్రాలు అటూఇటూ తిరిగితే సైటంతా తెల్లటి బురదగా మారడం అక్కడి కాంట్రాక్టర్లకు కొత్త కాదు.

ఇంకో సంగతి, సుద్ద ఏకశిల కాదు. నిలువుగా, అడ్డంగా నెర్రెలు దాన్ని దిమ్మెలుగా విడదీస్తాయి. హిమయుగాల్లో మంచుపలకలు దక్షిణ ఇంగ్లండ్ దాకా రాలేదు గానీ, నేల గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ పైపొరలు కొన్ని మీటర్ల లోతున చితికిపోయాయి. కొన్నిచోట్ల దిమ్మెలన్నవే మిగలక, సుద్ద ముక్కలూ సుద్ద పిండీ కలగలిసిన పదార్థం మిగిలింది. వీటన్నిటి మధ్య వరుసలు వరుసలుగా చెకుముకి రాళ్లు ఉంటాయి. ఇవి ఉక్కును సైతం గీరే రాళ్లు.

ఇప్పుడు సుత్తి దెబ్బ సంగతి. గొట్టం దిగాలంటే దాని కొన కింద ఉన్న దిమ్మె నలగాలి. నలిగిన సుద్దలోని నీరు అంత తక్కువ వ్యవధిలో తప్పించుకోలేదు. అందువల్ల అక్కడ ముద్ద తయారవుతుంది, గొట్టం ఆ ముద్దలోంచి జారుతుంది. అంటే ఎన్ విలువ కొలిచేది దిమ్మె నలగడానికి ఇచ్చిన ప్రతిఘటన, ఆపై ఆ ముద్ద రాపిడి. కట్టడం బరువు అలా పడదు. నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది, మామూలు భవనాల కింద అది దిమ్మె నలిగే స్థాయికి దరిదాపుల్లోకి కూడా రాదు. భవనం కుంగేది ఎక్కువగా నెర్రెలు మూసుకోవడం వల్లే. అడుసు లేకుండా ఇటుకలు పేర్చిన గోడ ఎంత కుంగుతుందో తెలుసుకోవాలంటే ఇటుకల మధ్య సందులు చూడాలి. ఒక ఇటుకను సుత్తితో పగలగొట్టి చూస్తే ఆ సంగతి తేలదు. సుద్దలో ఎస్‌పీటీ మీద వచ్చిన విమర్శ మొత్తానికి మూలం ఇదే.

ఇసుక కోసం పుట్టిన పరీక్ష

ఈ పరీక్ష సుద్దను దృష్టిలో పెట్టుకుని పుట్టింది కాదు. 1902లో అమెరికాలో చార్లెస్ గౌ బోరు అడుగున గొట్టం దింపి నమూనా తీయడం మొదలుపెట్టాడు. 1920ల్లో రెండుగా విడదీయగల గొట్టం వచ్చింది. 1947లో టెర్జాగీ దీన్ని ప్రామాణిక పరీక్షగా పరిచయం చేశాడు, 1948లో టెర్జాగీ, పెక్ కలిసి రాసిన గ్రంథం ఇసుకలో దెబ్బల లెక్కను పునాది భారంతో ముడిపెట్టింది. ఇసుకకు ఆ ముడి అర్థవంతమైనది. ఇసుక రేణువుల మధ్య చెడిపోయే బంధమేమీ లేదు కాబట్టి, దెబ్బకు ముందూ తర్వాతా అది దాదాపు అదే పదార్థం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఈ పరీక్ష కేబుల్ బోరింగ్ యంత్రాలతో కలిసి వ్యాపించింది. సుద్దలో పనిముట్టునే మార్చాల్సి వచ్చింది. చెకుముకి రాళ్లకు తెరిచిన గొట్టం అంచు వంగిపోతుంది గనక, దాని స్థానంలో 60 డిగ్రీల గట్టి కోన్ పెట్టారు. ఆచరణకు అనువైన మార్పే, కానీ దానితో నమూనా పోయింది. ఎన్ విలువ ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో చూడడానికి చేతిలో మట్టి లేకుండా పోయింది. పైగా బోరు వేసే విధానమే అడుగున ఉన్న సుద్దను చెడగొడుతుంది. ఉలితో కొట్టినా, బోరులో నీటిమట్టాన్ని బయటి మట్టం కంటే తక్కువకు జారనిచ్చినా అడుగు వదులవుతుంది, ఎన్ పడిపోతుంది. కొన చెకుముకి రాయి మీద నిలిస్తే ఎన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ రెండు అంకెల్లో ఏదీ సుద్ద గురించి చెప్పదు.

మండ్‌ఫర్డ్: ఒక్క స్థలం ఇచ్చిన పట్టిక

చర్చ మలుపు తిరిగింది 1960ల చివర్లో, తీరానికి దూరంగా, నార్ఫోక్‌లోని మండ్‌ఫర్డ్‌లో. యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నిర్మించదలచిన భారీ ప్రోటాన్ యాక్సిలరేటర్‌కు ఆ స్థలాన్ని పరిశీలించారు. అలాంటి యంత్రం కింద నేల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా పనికిరాదు. అందుకే సుద్ద మీద అంతకుముందు ఎవరూ చేయనంత శ్రద్ధగా కొలతలు తీశారు. వార్డ్, బర్లండ్, గాలోయిస్ 1968లో సుద్దను దాని నెర్రెల తీరును బట్టి ఐదు వర్గాలుగా విభజించారు. సుమారు 18 మీటర్ల వ్యాసమున్న ట్యాంకును నీటితో నింపి, కింద పొరపొరకూ కుంగుబాటు కొలిచారు. మొత్తం కుంగింది కొద్ది మిల్లీమీటర్లే. సుద్ద అప్పటిదాకా పుస్తకాలు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు గట్టిదని తేలింది. యాక్సిలరేటర్ చివరికి జెనీవా దగ్గరే కట్టారు. మండ్‌ఫర్డ్ మాత్రం సుద్ద ఇంజనీరింగ్‌కు పుట్టినిల్లయింది.

ఆ వెంటనే వేక్‌లింగ్ అదే స్థలంలో ఎన్ విలువలను వర్గాలతో పోల్చాడు. ఒకటో వర్గానికి 35 పైన, ఐదో వర్గానికి 8 నుంచి 15 మధ్య, ఇలా ఒక పట్టిక తయారైంది. ఇంజనీర్లకు కావలసింది దొరికింది. బోరులో దెబ్బలు లెక్కపెట్టు, పట్టికలో వర్గం చూడు, వర్గం నుంచి గట్టిదనం రాసుకో. ఈ పట్టిక దశాబ్దాల పాటు బ్రిటన్‌లో సుద్ద నివేదికలను నడిపించింది.

దాని లోపం దాని అంకెల్లోనే ఉంది. మండ్‌ఫర్డ్ కొలతల ప్రకారం ఐదో వర్గం సుద్ద స్థితిస్థాపక గుణకం 500 మెగాపాస్కళ్ల లోపు, ఒకటో వర్గానిది 5,000 పైన. అంటే గట్టిదనం పది రెట్లకు పైగా మారుతుంటే, దెబ్బల లెక్క మూడు నాలుగు రెట్లు మారింది. అంత ఇరుకు కొలబద్ద మీద పక్కపక్క వర్గాలను విడదీయాలంటే ఐదారు దెబ్బల తేడాను నమ్మాలి. సుత్తి శక్తి కడ్డీలకు చేరడంలో వచ్చే తేడా, బోరు అడుగు చెడడం, ఒక్క చెకుముకి రాయి, వీటిలో ఏదైనా ఆ ఐదారు దెబ్బలను మింగేస్తుంది. రెండో లోపం ఇంకా పెద్దది. మండ్‌ఫర్డ్‌లో ఉన్నది ఒక్క రకం సుద్ద. బ్రైటన్, మార్గేట్ కింద ఉన్న పై పొరల సుద్ద వేరు, దాని సాంద్రత వేరు, చెకుముకి వరుసలు వేరు. నెర్రెలు బిగుతుగా ఉన్నా దిమ్మె మెత్తనిదైతే ఎన్ తక్కువ వస్తుంది. నెర్రెలు విచ్చుకున్నా దిమ్మె గట్టిదైతే ఎన్ ఎక్కువ వస్తుంది. భవనం మాత్రం మొదటిదాని మీద తక్కువ, రెండోదాని మీద ఎక్కువ కుంగవచ్చు. పట్టిక ఇచ్చే సలహాకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

1989లో బ్రైటన్‌లో జరిగిన అంతర్జాతీయ సుద్ద సదస్సులో ఈ అసంతృప్తి బాహాటమైంది. 2002లో లార్డ్, క్లేటన్, మార్టిమోర్ రాయగా బ్రిటన్ నిర్మాణ పరిశోధన సంస్థ సీఐఆర్‌ఐఏ ప్రచురించిన సి574 నివేదిక కొత్త వర్గీకరణను స్థిరపరిచింది. ముందు దిమ్మె సాంద్రత చూడాలి. ఆ తర్వాత నెర్రె వెడల్పు: మూసుకుని ఉంటే ఏ, 3 మిల్లీమీటర్ల లోపు తెరుచుకుంటే బి, అంతకు మించితే సి, దిమ్మెల నిర్మాణమే లేకపోతే డి. చివరగా నెర్రెల మధ్య దూరం. ఇవన్నీ తిరిగే బిట్‌తో తీసిన కోర్‌లోనో, తవ్విన గోతి గోడ మీదనో కంటితో చూసి రాయవలసినవి. దెబ్బల లెక్కతో వర్గం నిర్ణయించవద్దని ఆ నివేదిక చెప్పింది. అదే నివేదిక పైల్ కొన మోసే భారానికి మాత్రం ఎన్ మీద ఆధారపడిన సూత్రాన్ని అట్టేపెట్టుకుంది: తవ్వి పోసే పైల్స్‌కు 200ను ఎన్‌తో గుణించి, దింపే రెడీమేడ్ పైల్స్‌కు 300ను ఎన్‌తో గుణించి, కిలోపాస్కళ్లలో. ఒకచోట కాదన్న అంకెను ఇంకోచోట ఔనన్నారని దీన్ని కొందరు తప్పుపట్టారు. నాకిందులో వైరుధ్యం కనిపించదు. పైల్ కొన కింద సుద్ద నలుగుతుంది, గొట్టం కొన కిందా నలుగుతుంది. భవనం ఫుటింగ్, అంటే నేలమీద పరిచిన పునాది, కింద నలగదు.

నాలుగు దారులు

బ్రిటిష్ సుత్తి దారి పక్కనే మరో మూడు దారులున్నాయి. 1930ల్లో డచ్చివాళ్లు తమ మెత్తని నేలల కోసం తయారుచేసిన కోన్ పరీక్షలో, 10 చదరపు సెంటీమీటర్ల కొనను సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో ఆగకుండా నెడతారు. దెబ్బలుండవు, బోరు అక్కర్లేదు, ప్రతి కొద్ది సెంటీమీటర్లకూ ఒక కొలత వస్తుంది. కొన ప్రతిఘటనతోపాటు నీటి పీడనాన్ని కూడా చెబుతుంది గనక, సుద్ద ముద్దగా మారుతున్న వైనం అందులో నేరుగా కనిపిస్తుంది. చెకుముకి వరుసలు దట్టంగా ఉన్నచోట మాత్రం కోన్ ఆగిపోతుంది, కొన్నిసార్లు విరుగుతుంది.

ఫ్రెంచివాళ్ల దారి ప్రెషర్‌మీటర్. 1950ల్లో లూయీ మెనార్ రూపొందించిన ఈ పరికరాన్ని బోరులోకి దించి ఉబ్బిస్తారు. బోరు గోడ ఎంత పీడనానికి ఎంత జరిగిందో కొలుస్తారు. ఫ్రెంచి పైల్ డిజైన్ నియమాల్లో సుద్దకు తనదైన విభాగం ఉంది. ఈ పరీక్ష నేలను నలగ్గొట్టే ముందు కాస్త మృదువుగా నెడుతుంది కాబట్టి సుద్ద స్వభావానికి సుత్తికంటే దగ్గర. అయితే బోరు గోడ ఎంత శుభ్రంగా తెగిందన్న దానిమీదే ఫలితం ఆధారపడుతుంది, పైగా పక్కకు నెట్టిన కొలతతో పైనుంచి పడే భారాన్ని అంచనా వేయాలి.

నాలుగోది అసలు చొరబడని దారి. నేలలో చిన్న కంపనాలు పుట్టించి, అవి ఎంత వేగంగా ప్రయాణిస్తాయో కొలిచి గట్టిదనం లెక్కిస్తారు. 1990ల్లో సర్రే విశ్వవిద్యాలయంలో క్లేటన్, మాథ్యూస్ తదితరులు పెద్ద ప్లేట్ పరీక్షల కుంగుబాటుతో వీటిని పోల్చారు. సుద్దలో కంపనాల నుంచి వచ్చిన గట్టిదనం అసలు కుంగుబాటుకు బాగా దగ్గరగా వచ్చింది. ఎన్ నుంచి లెక్కించినది దూరంగా పోయింది. ఈ నాలుగింటిలో నెర్రెలన్నిటినీ కలుపుకుని, ఏదీ నలగ్గొట్టకుండా కొలిచే పద్ధతి ఇదొక్కటే గనక ఈ ఫలితం సహజమే. లోటు ఏమిటంటే, అది నేల బలాన్ని చెప్పదు, పెద్ద ప్రదేశానికి సగటు చెబుతుంది, నేలలో దాగిన చిన్న బొయ్యారాన్ని (గుల్లను) దాటిపోతుంది.

పునాది చేసే పనే కొలమానం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మూడు రకాల పునాదులను తీసుకుని చూస్తే, ఏ పరీక్ష ఎక్కడ గెలుస్తుందో ఒక క్రమంలో కనిపిస్తుంది.

సుద్ద మీద నేరుగా కూర్చునే ఫుటింగ్, రాఫ్ట్ సంగతి స్పష్టం. అక్కడ బలం సమస్య కాదు, కుంగుబాటు సమస్య. దానికి కోర్ చూసి రాసిన వర్గం, కంపన వేగం, అవసరమైతే ప్లేట్ పరీక్ష. వీటి తర్వాతే దెబ్బల లెక్క.

తవ్వి కాంక్రీటు పోసే పైల్ దగ్గర చిత్రం మసకబారుతుంది. పైల్ పక్క రాపిడికి 1979 నాటి మార్గదర్శకం ఎన్ విలువను వాడింది. తర్వాత అసలైన పైల్స్ మీద భార పరీక్షలు పోగుపడేకొద్దీ, ఆ రాపిడి ఎన్‌తో కంటే పైనున్న నేల బరువు వల్ల కలిగే ప్రభావ పీడనంతోనే మెరుగ్గా పొసిగింది. అందుకే సి574 తక్కువ, మధ్యస్థ సాంద్రత సుద్దలో ఆ పీడనాన్ని 0.8తో గుణించే పద్ధతికి మొగ్గింది. ఎన్ మరీ తక్కువగా ఉన్నచోట హెచ్చరికగా మాత్రమే దాన్ని నిలిపింది. తవ్వే పైల్ సుద్దను గొట్టంలా నలగ్గొట్టదు, ఫుటింగ్‌లా వదిలేయదు కూడా. అక్కడ చొరబాటు పరీక్షకు సగం మాటే చెల్లడం నా వాదనకు సరిపోతుంది.

కొట్టి దింపే పైల్ దగ్గరే కథ ఆసక్తికరం. తక్కువ సాంద్రత సుద్దలో దింపిన పైల్స్ పక్క రాపిడికి సి574 ఇచ్చినది చదరపు మీటరుకు కేవలం 20 కిలోన్యూటన్లు. నిటారు చరియగా వందల అడుగులు నిలబడే రాయికి ఇది నమ్మశక్యం కానంత తక్కువ. కెంట్ తీరానికి దగ్గర్లో సెయింట్ నికొలస్ ఎట్ వేడ్ దగ్గర ఇంపీరియల్ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆల్పాకా అనే ప్రాజెక్టు కింద దింపిన పైల్స్ మీద చేసిన ప్రయోగాలు దీనికి కారణం చూపాయి. దిగుతున్న పైల్ చుట్టూ సుద్ద నలిగి పలచని ముద్ద పొర ఏర్పడుతుంది. దింపేటప్పటి రాపిడి అందుకే అంత తక్కువ. కానీ వారాలు, నెలలు గడిచేకొద్దీ నీటి పీడనం తగ్గి, ఆ పొర మళ్లీ గట్టిపడి, పైల్ సామర్థ్యం కొన్ని రెట్లు పెరిగింది. బాల్టిక్ సముద్రంలో వికింగర్ పవన విద్యుత్ క్షేత్రంలో సుద్దలోకి దింపిన పైల్స్ కూడా ఇలాగే కాలంతోపాటు బలం పుంజుకున్నాయి. ఈ పరిశోధనల నుంచి వచ్చిన కొత్త డిజైన్ పద్ధతి కోన్ కొన ప్రతిఘటన మీదే నిలబడింది. ఫుటింగ్ కింద విఫలమైన చొరబాటు పరీక్ష ఇక్కడ ఎలా గెలిచింది? కోన్ తానే ఒక చిన్న పైల్ గనక. అదే పదార్థాన్ని అదే విధంగా నలగ్గొట్టి, ఆ నలగడానికి ఎంత బలం కావాలో చెప్పింది. చొరబాటు పరీక్షకు చోటే లేదనే వర్గం ఈ సాక్ష్యానికి జవాబు చెప్పాలి.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ఆచరణది. ఎన్ తప్పినా తక్కువవైపే తప్పుతుంది, కాబట్టి డిజైన్ సురక్షితంగానే ఉంటుంది, ఇంత రభస దేనికి అంటారు. కుంగుబాటు విషయంలో ఈ మాట చాలావరకు నిజం; ఎన్ నుంచి కట్టిన లెక్కలు సుద్ద కుంగుబాటును ఎక్కువచేసే చూపుతాయి. కానీ ఎక్కువచేసి చూపడం ఎల్లప్పుడూ క్షేమం కాదు. ఫుటింగ్ సరిపోయే చోట ‘నేల మెత్తన’ అని నివేదిక రాస్తే పైల్స్ వస్తాయి. వాటితోపాటు అదనపు కాంక్రీటు, ఉక్కు, ఖర్చు వస్తాయి. దింపే పైల్స్ అయితే గట్టి సుద్దను ముద్దచేసి, ఫుటింగ్ కింద ఎప్పుడూ రాని సమస్యను కొనితెస్తాయి. చెకుముకి రాయి వల్ల ఎగబాకిన ఎన్ మీద 300 రెట్ల సూత్రం వాడితే తప్పు రెండోవైపుకు తిరుగుతుంది, అది ప్రమాదంవైపు.

రెండో అభ్యంతరం అనుభవానిది. దశాబ్దాల పైల్ పరీక్షల రికార్డులన్నీ ఎన్ విలువలతోనే ఉన్నాయి. దాన్ని వదిలేస్తే ఆ అనుభవమంతా చేజారుతుందని అంటారు. ఇది గౌరవించవలసిన వాదన. నా జవాబు ఒక్కటే: పైల్ కొనకు సంబంధించిన రికార్డులను ఎన్‌తోనే చదువుదాం, ఫుటింగ్ గురించి మాట్లాడడానికి వాటిని అరువు తెచ్చుకోవద్దు. మనవైపు ఇంజనీర్లకూ ఇది వర్తించే సంగతే. ఐఎస్ 2131 ప్రకారం ఆంధ్ర, తెలంగాణ సైట్లలో చేసేది ఇదే 63.5 కిలోల సుత్తి పరీక్ష. మన తీరంలో సుద్ద లేదు గానీ, విశాఖ చుట్టుపక్కల శిథిలమైన ఖొండలైట్ ఉంది. అక్కడా రాయి దిమ్మె వేరు, దిమ్మెల మధ్య కుళ్లిన పొర వేరు. ఇసుక పట్టికను తీసుకెళ్లి అలాంటి నేలకు అతికించే అలవాటు ఏ దేశంలోనైనా ఒకే తరహా తప్పుకు దారితీస్తుంది.

మూడో అభ్యంతరం ఖర్చుది, చిన్న ఇళ్లు కట్టేవాళ్లకు ఇది నిజమైన కష్టం. కోర్ తీయడం, కంపన పరీక్షలు అందరికీ అందుబాటులో ఉండవు. ఇక్కడ ఎస్‌పీటీ కంటే తేలికైన బంధువు అక్కరకొస్తుంది. బోరు లేకుండా కడ్డీని సుత్తితో కొడుతూ ప్రతి 100 మిల్లీమీటర్లకు దెబ్బలు లెక్కపెట్టే డైనమిక్ ప్రోబ్‌తో తక్కువ ఖర్చులో ఎన్నోచోట్ల పొడిచి చూడొచ్చు. దాని నుంచి గట్టిదనం లెక్కించకూడదు. ఒకచోట తేలిగ్గా దిగి, పక్కన దిగకపోతే ఎందుకని అడగడానికే వాడాలి. వాటితోపాటు ఒక గొయ్యి తవ్వి, అనుభవమున్న భూవిజ్ఞాని చేత గోడ చదివిస్తే, మామూలు ఇంటికి కావలసిన సమాచారం చాలావరకు దొరుకుతుంది.

తీరం తెచ్చే చిక్కులు

ఈ పొడిచి చూసే పని తీరప్రాంతంలో మరింత అవసరం, ఎందుకంటే అక్కడ అసలు ప్రమాదం సగటు సుద్దలో ఉండదు. వాననీరు సుద్దను కరిగించి గొట్టాల్లాంటి నిలువు బొయ్యారాలు చేస్తుంది. పైనున్న ఎర్రమట్టి, చెకుముకి రాళ్లు అందులోకి జారి వదులుగా నిండుతాయి. ఇవి మీటరు రెండు మీటర్ల వెడల్పున్నవి కూడా కావచ్చు. యూరోకోడ్ పెద్ద భవనాలకు సూచించే బోర్ల దూరం 15 నుంచి 40 మీటర్లు. అంత ఎడంగా వేసిన బోర్లలో ప్రతి ఎన్ విలువా బాగున్నా, రెండు బోర్ల మధ్య ఒక స్తంభం సరిగ్గా బొయ్యారం మీదే కూర్చోవచ్చు. పాత సుద్ద గనులు దీనికి తోడు. తీరానికి దూరంగానే అయినా, 1988లో నార్విచ్‌లో ఎర్ల్‌హామ్ రోడ్డు మీద డబుల్ డెక్కర్ బస్సు వెనుకభాగం గొయ్యిలోకి దిగబడిపోయింది. రోడ్డు కింద ఉన్నది పాత సుద్ద గనే.

నీళ్లు ఇంకో చిక్కు. 2000-01 శీతాకాలంలో బ్రైటన్ అంచున ఉన్న ప్యాచమ్‌లో నది పొంగకుండానే భూగర్భ జలం ఉబికి ఇళ్లలోకి వచ్చింది. సుద్దలో నీటిమట్టం ఒక్క ఏడాదిలో ఎన్నో మీటర్లు మారగలదు. ఎండాకాలంలో తీసిన కొలతలు ఆ సంగతి చెప్పవు. పైకప్పు నీటిని పునాది పక్కనే ఇంకుడు గుంతలోకి వదిలితే, గతంలో మూసుకుపోయిన బొయ్యారం మళ్లీ తెరుచుకోవచ్చు. బ్రిటన్‌లో ఇంకుడు గుంత ఇంటికి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలన్నది మామూలు నియమం. సుద్ద నేలల్లో అంతకంటే ఎక్కువ దూరం పాటించడం మంచిది. ఇక కొండ అంచు విషయం: 1999 జనవరిలో బీచీ హెడ్ దగ్గర భారీ చరియ విరిగిపడింది. అదే ఏడాది అక్కడి బెల్ టౌట్ పాత లైట్‌హౌస్‌ను అంచు నుంచి 17 మీటర్లు లోపలికి జాకీల మీద జరిపారు. దాని కింద నేల మోయలేక కాదు, అంచు దగ్గరికి వస్తోందని. ఏ చొరబాటు పరీక్షా దీనికి జవాబు చెప్పదు. చరియలో నెర్రెల దిశ చదవాలి.

ఇంకా తేలనివి

దింపిన పైల్ చుట్టూ ముద్ద పొర మళ్లీ గట్టిపడడంలో నీటి పీడనం తగ్గడం పాలెంత, రేణువుల మధ్య కొత్త బంధం పాలెంత అన్నది పూర్తిగా తేలలేదు. అలల వల్ల, గాలి వల్ల అటూఇటూ ఊగే భారం పడితే ఆ పుంజుకున్న బలం ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పే సూత్రాలు ఇంకా పసివి. గాలిమరల పునాదులకు ఇది డబ్బు ప్రశ్న మాత్రమే కాదు, భద్రత ప్రశ్న. మంచి సాంద్రతగల, చెకుముకి దట్టంగా ఉన్న సుద్దలో కోన్ దిగనప్పుడు దింపే పైల్స్‌కు ఏ కొలత మీద ఆధారపడాలన్నది మరో ఖాళీ; అక్కడ ఇప్పటికీ ఎస్‌పీటీనే దిక్కు, దానికి నేను చూపిన లోపాలన్నీ వర్తిస్తాయి. ఫలానా స్థలంలో బొయ్యారాలను దొరకబుచ్చుకోవడానికి ఎన్ని పొడుపులు చాలు అన్నదానికి కూడా అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. భూవిజ్ఞాన పటాలు, పాత గని రికార్డులు చూసి అనుమానం ఉన్నచోట దగ్గరదగ్గరగా పొడవడమే ప్రస్తుతానికి దారి.

అన్నిటికంటే నన్ను బాధించే ఖాళీ వేరే ఉంది. మండ్‌ఫర్డ్ ట్యాంకు లాంటి ప్రయోగాలు, విశ్వవిద్యాలయాల ప్లేట్ పరీక్షలు, గాలిమరల పైల్స్ మీద కొలతలు, ఇవన్నీ ప్రత్యేక సందర్భాలు. దక్షిణ తీరంలో సుద్ద మీద నిలబడిన మామూలు ఇళ్లు, బడులు, అపార్ట్‌మెంట్లు నిజంగా ఎంత కుంగాయో కొలిచి ప్రచురించిన వివరాలు చాలా తక్కువ. ఏ సమస్యా రాని భవనాన్ని ఎవరూ కొలవరు. సమస్య వచ్చిన భవనం వివరాలు బీమా కంపెనీల, న్యాయవాదుల ఫైళ్లలో ఉండిపోతాయి. కట్టేటప్పుడే గోడలకు కొన్ని లెవెల్ గుర్తులు బిగించి, మొదటి అయిదేళ్లు ఏడాదికోసారి చదివి, ఆ స్థలం ఎన్ విలువలతోనూ కోర్ వర్ణనతోనూ కలిపి ప్రచురించమని స్థానిక సంస్థలు అనుమతి షరతుగా పెట్టవచ్చు. అందుకయ్యే ఖర్చు ఒక్క బోరు ఖర్చుకు మించదు.